లెవెల్ అందరికీ కలిపే పెంచాలి: మా హాస్టల్ ఆటలో నేను చేసిన తప్పు



ఈసారి పోస్టు స్కాలర్‌షిప్ గురించి కాదు, ఏ నోటిఫికేషన్ గురించీ కాదు. ఒక ఆట గురించి. ఆట గురించి ఇంత పొడుగు పోస్టా అని కొందరు అనుకుంటారని తెలుసు. కానీ మేం ఆదివారం ఆడే ఆట ఫొటో ఇక్కడ పెట్టినప్పటి నుంచి చాలామంది అడిగారు, ఇదేం ఆట, ఎట్లా ఆడాలి అని. కొందరు వాళ్ళ హాస్టళ్ళలో మొదలుపెట్టారు కూడా. వాళ్ళలో ఒక తమ్ముడు మొన్న ఫోన్ చేసి, "అన్నా, ఎక్స్‌పీ ఎట్లా పంచాలి? మా వాళ్ళు దాని మీదే గొడవ పడుతున్నారు" అన్నాడు. వాడికి గంటసేపు ఫోన్‌లో చెప్పిందే ఇక్కడ రాస్తున్నా. ఆ పంచడంలో నేను తప్పు చేశాను. దానివల్ల ఒకడు ఆట మానేశాడు.

తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తా. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆటని 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తెచ్చారు. ఒకరు కథ నడిపిస్తారు, మేం వాణ్ణి మాస్టరు అంటాం. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర పట్టుకుంటారు. మన ఊళ్ళో చలిమంట దగ్గర తాత కథ చెప్తుంటే మధ్యలో మనం "నేనైతే చెట్టెక్కేవాణ్ణి తాతా" అంటాం కదా. ఇక్కడ తాత, "సరే ఎక్కు, ముందు పాచిక వెయ్యి, కొమ్మ విరిగిందో లేదో చూద్దాం" అంటాడు. అంతే ఆట. పాచికకి ఇరవై ముఖాలు ఉంటాయి, మేం మొదట ఫోన్‌లో యాప్‌తోనే వేసేవాళ్ళం. రూల్స్ కొనాల్సిన పని కూడా లేదు. ఐదో ఎడిషన్ మూల నియమాలని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ కింద పెట్టారు, ఎవరైనా దించుకోవచ్చు, తెలుగులోకి మార్చుకోవచ్చు కూడా.

ప్రతి పాత్రా లెవెల్ 1 దగ్గర మొదలై 20 దాకా పోవచ్చు. పెరగాలంటే ఎక్స్‌పీరియన్స్ పాయింట్లు, అంటే ఎక్స్‌పీ కావాలి. ఐదో ఎడిషన్‌లో లెవెల్ 2కి 300, లెవెల్ 3కి 900, లెవెల్ 4కి 2,700, లెవెల్ 5కి 6,500. గోబ్లిన్ అనే చిన్న రాక్షసుణ్ణి ఓడిస్తే 50 వస్తుంది, అది కూడా ఆ పోట్లాటలో ఉన్నవాళ్ళందరికీ కలిపి.

నేను మాస్టరుగా మొదలుపెట్టింది దసరా సెలవుల తర్వాత. ఆరుగురు ఆటగాళ్ళు. మా ఇంట్లో కాలేజీ మెట్టు ఎక్కింది నేనే మొదలు, కాబట్టి పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెయ్యకపోతే ఎక్కడ తప్పవుతుందో అనే భయం నాకు అన్నిట్లోనూ ఉంటుంది. ఆటలో కూడా అంతే. నోట్‌బుక్‌లో ఆరు కాలమ్‌లు గీశాను. చంపిన ప్రతి గోబ్లిన్‌ని లెక్కపెట్టాను. మీరూ లెక్క వేసి చూడండి: ఆరుగురు లెవెల్ 2కి రావాలంటే 1,800 ఎక్స్‌పీ కావాలి, అంటే 36 గోబ్లిన్లు. మూడు ఆదివారాలు మేం చేసింది గోబ్లిన్లని వెతుక్కుంటూ తిరగడమే. లెవెల్ 1 మాంత్రికుడికి ప్రాణం ఏడెనిమిది పాయింట్లు ఉంటుంది, గోబ్లిన్ కత్తి ఒక్క దెబ్బకి ఎనిమిది దాకా తీయగలదు. మా మాంత్రికుడు ఆ మూడు వారాల్లో నాలుగుసార్లు కింద పడ్డాడు. అసలు కథేందో ఎవరికీ గుర్తు లేదు.

పైగా నేను సొంత తెలివి ఒకటి చూపించాను. ప్రతి ఆదివారం చివర్లో "బాగా మాట్లాడినవాడికి" 50 బోనస్. పుస్తకాలు కూడా మంచి నటనకి బహుమతి ఇవ్వొచ్చు అంటాయి, తప్పేమీ లేదనుకున్నా. ఆ బోనస్ దాదాపు ప్రతి వారం ఒకడికే పోయింది. మాలో టౌన్‌లో చదువుకుని వచ్చినవాడు ఒకడున్నాడు, పాటగాడి పాత్ర వాడిది, గలగలా మాట్లాడతాడు. దొంగ పాత్ర ఆడేది మా బావ, నిజంగానే వరసకి బావ. వాళ్ళింట్లో మాట్లాడేది కోయ భాష. తెలుగులో చెప్పాలంటే ఒక్క క్షణం ఆగి చెప్తాడు. ఆ క్షణంలో పాటగాడు అందుకుంటాడు. ఒకరోజు బావ ఎండుటాకుల మీద చప్పుడు కాకుండా ఎట్లా నడుస్తారో చెప్పాడంట. పాదం అంచు ముందు ఆనించి, బరువు మెల్లగా దించి, గాలి వీచినప్పుడే అడుగు వేసి. అది వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకున్న నడక. నేను వినలేదు. ఆ టైంలో ఆరు కాలమ్‌లలో ఎక్స్‌పీ కూడుకుంటున్నా. తర్వాత మా ఫైటర్ చెప్తే తెలిసింది.

ఫిబ్రవరిలో బావ వాళ్ళమ్మతో మిర్చి ఏరడానికి ఖమ్మం వైపు పోయాడు. నాలుగు వారాలు. మన భద్రాచలం వైపు వాళ్ళకి దీని గురించి చెప్పక్కర్లేదు. తిరిగొచ్చేసరికి మిగతా ఐదుగురూ లెవెల్ 5, వాడు లెవెల్ 3.

రెండే కదా తేడా అనిపిస్తది. కానీ ఈ ఆటలో లెవెల్ 5 అనేది మామూలు మెట్టు కాదు. అక్కడ ఫైటర్ ఒక్క వంతులో రెండుసార్లు కొడతాడు. మాంత్రికుడికి ఫైర్‌బాల్ వస్తుంది, ఒక్క దెబ్బకి ఎనిమిది పాచికలు వేసి కూడాలి. అందరికీ పాచికకి కలిపే బోనస్ కూడా పెరుగుతుంది. అందుకే మాస్టరు కూడా దానికి తగ్గ శత్రువుని పెట్టాలి. నేను ట్రోల్‌ని పెట్టాను. ట్రోల్ ఒక వంతులో ఒకసారి కొరికి, రెండుసార్లు గోళ్ళతో చీరుతుంది. మూడూ తగిలితే సగటున 29 పాయింట్లు పోతాయి. బావ దొంగకి ఉన్నది 21. మొదటి రౌండ్‌లోనే పడిపోయాడు. తర్వాత గంటన్నర సేపు వాడు చేసింది, తన వంతు వచ్చినప్పుడల్లా బతికున్నానో లేదో అని పాచిక వెయ్యడం, మాకు ప్లేట్లో పల్లీలు అందించడం.

చావలేదు, మా పూజారి పాత్ర లేపింది. కానీ పై వారం రాలేదు. ఆ పై వారం కూడా రాలేదు. మెస్‌లో పక్కన కూచుని అడిగితే, "కాలేజీలో బ్యాక్‌లాగులు చాలవా బావా, మళ్ళీ ఇక్కడ కూడానా" అని నవ్వాడు. నవ్వాడు గానీ నాకు ఆ రోజు అన్నం సరిగా దిగలేదు. మేం ఆట మొదలుపెట్టిందే వారానికి ఒక్క పూట మార్కులు, అటెండెన్స్, బయోమెట్రిక్ ఇవేమీ లేని చోట కూర్చుందామని. ఆ చోట కూడా నేను ఒక మార్కుల రిజిస్టరు తెరిచాను.

అక్కడి నుంచి దీని గురించి చదవడం మొదలుపెట్టాను. చదివితే అర్థమైంది ఏందంటే, ఎక్స్‌పీని ఆటలోని మిగతా రూల్స్ లాంటి ఇంకో రూల్‌గా చూడకూడదు. దేనికి ఎక్స్‌పీ ఇస్తామో ఆటగాళ్ళు అదే చేస్తారు. ఎవరికి ఇస్తామో వాళ్ళే మిగులుతారు.

మొదటి మాటకి రుజువు పాత ఎడిషన్లే. మొదట్లో ఈ ఆటలో ఎక్స్‌పీ ఎక్కువగా వచ్చేది చంపితే కాదు, బంగారం బయటికి తెస్తే. ఒక బంగారు నాణేనికి ఒక ఎక్స్‌పీ. 1981లో టామ్ మోల్డ్‌వే కూర్చిన బేసిక్ పుస్తకంలో ఫైటర్‌కి లెవెల్ 2 కావాలంటే 2,000 ఎక్స్‌పీ. ఓర్క్‌ని చంపితే వచ్చేది 10. అంటే పోట్లాటలతోనే పెరగాలంటే ఒక్కడు 200 ఓర్క్‌లని చంపాలి, అంతకన్నా ముందు వాడే చస్తాడు. అందుకని అప్పటి ఆటగాళ్ళు ఏం చేసేవాళ్ళు? దొంగచాటుగా దూరి, రాక్షసుడు పడుకున్నప్పుడు పెట్టె ఎత్తుకుని పారిపోయేవాళ్ళు. పోట్లాట తప్పించుకోవడమే తెలివి. 1989లో వచ్చిన రెండో ఎడిషన్‌లో బంగారానికి ఎక్స్‌పీ అనేది ఇష్టమైతే పెట్టుకునే రూల్‌గా మారిపోయింది. ఆ తర్వాత చంపడమే ప్రధానం అయ్యింది. మేం గోబ్లిన్ల వెంట పడ్డది మా బుద్ధి తక్కువై కాదు. నా కాలమ్‌లు వాటి కోసమే గీసి ఉన్నాయి మరి.

ఇంకో రకం ఆటలు కూడా ఉన్నాయి. 1978లో వచ్చిన రూన్‌క్వెస్ట్‌లో లెవెల్స్ అసలు లేవు. ఏ నైపుణ్యాన్ని వాడి గెలిచావో దాని పక్కన టిక్కు పెట్టుకుంటావు, తర్వాత తీరిక దొరికినప్పుడు నూరులోపు అంకె వచ్చేలా పాచికలు వేస్తావు. నీ నైపుణ్యం ఎంతుందో దానికన్నా ఎక్కువ అంకె పడితేనే పెరుగుతుంది. అంటే 30 ఉన్నవాడికి పెరిగే అవకాశం ఎక్కువ, 80 ఉన్నవాడికి తక్కువ. వెనక ఉన్నవాడు తొందరగా ఎక్కుతాడు, ముందున్నవాడు నెమ్మదిస్తాడు. ఇది చదివినప్పుడు నాకు భలే నచ్చింది. 2012లో వచ్చిన డంజన్ వరల్డ్ అయితే ఇంకో అడుగు ముందుకేసింది: పాచిక తప్పితే ఎక్స్‌పీ వస్తుంది. తప్పు చేసినవాడు ఏదో ఒకటి నేర్చుకున్నట్టే కదా. మా పూజారి పాత్ర అమ్మాయి పాచికకి రెండు, మూడు తప్ప ఏమీ పడవు, ఆమె ఆ రూల్ వింటే ఇరవై లెవెల్స్ ఒకే రోజు ఎక్కుతా అంది.

(మా ఆట ఆదివారం మధ్యాహ్నం కాలేజీ గ్రౌండ్ పక్కన చెట్టు కింద జరుగుతుంది. అందుకే అమ్మాయిలు కూడా రాగలుగుతున్నారు. హాస్టల్ రూములో పెట్టి ఉంటే సగంమంది ఉండేవాళ్ళు కాదు. మొదలుపెట్టేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి.)

ఇక ఎవరికి ఇవ్వాలి అనే దాని మీదే మాకు పెద్ద గొడవ జరిగింది.

జులైలో హాస్టల్ తెరిచాక మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు నేను ఒక మాట పెట్టాను: ఇక నుంచి ఒక్కొక్కరికి వేరే ఎక్స్‌పీ లేదు, గుంపు మొత్తానికి ఒకటే లెక్క. వచ్చినా రాకపోయినా అందరిదీ ఒకటే లెవెల్. మా ఫైటర్ అన్న వెంటనే లేచాడు. "నేను ఒక్క ఆదివారం కూడా మానలేదు. వాడు నాలుగు వారాలు రాలేదు. ఇద్దరికీ ఒకటే లెవెలా? ఊరికే ఇస్తే విలువేముంటది?"

ఎవరూ ఏమీ అనలేదు. ఎందుకు అనలేదో మీకు తెలుసు. ఈ మాట మనమందరం ఎక్కడో ఒకచోట విన్నాం, క్లాసులోనో, లైబ్రరీ మెట్ల మీదో, మన సీటు గురించి. అన్నకి కూడా ఒక నిమిషం తర్వాత తట్టినట్టుంది, "అది వేరే, ఇది వేరే" అని కొంచెం గొంతు తగ్గించాడు.

నిజంగానే అది వేరే, ఇది వేరే. సీటు మన హక్కు, దాని వెనక చరిత్ర ఉంది, రాజ్యాంగం ఉంది. ఇది కాగితం మీద పెన్సిల్‌తో రాసిన అంకె. రెండింటినీ ఒకటి చేసి అన్న నోరు మూయించడం నాకు ఇష్టం లేదు. అన్న చెప్పిన దాంట్లో న్యాయం కొంత ఉంది కూడా. ప్రతి వారం వచ్చినవాడికి, కథ మోసినవాడికి ఏదో ఒకటి దక్కాలి. కానీ ఆ ఏదో ఒకటి లెవెల్ మాత్రం కాకూడదు. లెవెల్ బహుమతిలా కనిపిస్తది గానీ పని మాత్రం అనుమతి పత్రం పని చేస్తుంది. అది లేనివాడు బల్ల దగ్గర కూర్చున్నా ఆడలేడు, పల్లీలు అందించడమే మిగులుతుంది. కత్తి బహుమతిగా ఇవ్వు, గుర్రం ఇవ్వు, ఊళ్ళో పేరు ఇవ్వు, పెద్ద మనుషుల దగ్గర మాట చెల్లేటట్టు చెయ్యి. అన్న పాత్రకి ఇప్పుడు ఒక పడవ ఉంది, దానికి పేరు ఉంది, నది మీద పోతుంటే జనం గుర్తుపడతారు. అవి అన్నవే, రానివాళ్ళకి అందులో వాటా లేదు. లెవెల్ మాత్రం అందరిదీ.

మా మాంత్రికుడు లెక్కల్లో ఘనుడు, వాడొక మంచి ప్రశ్న వేశాడు. "పట్టిక చూడు, వెనకబడ్డవాడు ఎట్లాగూ అందుకుంటాడు కదా" అన్నాడు. లెక్క ప్రకారం వాడన్నది కరెక్టే. లెవెల్ 5 నుంచి 6కి పోవాలంటే 7,500 కావాలి. మేం ఆ 7,500 సంపాదించే లోపు మాతో పాటే తిరిగే లెవెల్ 1 వాడు కూడా లెవెల్ 5కి వచ్చేస్తాడు. 1981 పుస్తకాల్లో అయితే ఇది ఇంకా నేరుగా కనిపిస్తుంది: ఫైటర్‌కి 2,000, 4,000, 8,000, 16,000, ప్రతిసారీ రెట్టింపు. ముందున్నవాళ్ళు లెవెల్ 5 చేరేలోపు, వాళ్ళు లెవెల్ 4కి రాగానే చేరిన కొత్తవాడు లెవెల్ 4 చేరతాడు. ఎప్పుడూ ఒక్క మెట్టే తేడా. పాత మాస్టర్లు చచ్చిపోయినవాళ్ళని మళ్ళీ లెవెల్ 1 నుంచి మొదలుపెట్టించగలిగింది అందుకే.

కానీ ఆ అందుకోవడానికి పట్టే ఆదివారాలు ఎన్ని? మా వేగానికి ఆరేడు. ఆ ఆరేడు ఆదివారాలూ వాడు ట్రోల్ ముందు 21 పాయింట్లతో నిలబడాలి. కాగితం మీద అందుకుంటాడు, బల్ల దగ్గర కింద పడి ఉంటాడు. మన కుర్రాళ్ళు పడి ఉండి ఓపిక పట్టరు, మానేస్తారు. మానేసినవాడికి పట్టిక ఏం చెప్పినా ఒకటే.

ఐదో ఎడిషన్ మాస్టరు పుస్తకంలోనే దీని గురించి రాసి ఉంది, నేనే సరిగా చదవలేదు. రానివాళ్ళకి ఎక్స్‌పీ ఇవ్వకపోవడం ఒక పద్ధతి, అందరికీ సమానంగా ఇచ్చి ఒకే లెవెల్‌లో ఉంచడం ఇంకో పద్ధతి అంటుంది. ఎట్లాగూ ఎక్స్‌పీ వస్తుంది కదా అని ఆట సరదాని కావాలని వదులుకునేవాళ్ళు ఉండరని కూడా అంటుంది. మాకూ అదే అనుభవం. జులై నుంచి ఎవరూ కావాలని ఎగ్గొట్టలేదు. పరీక్షలకీ, జ్వరాలకీ, ఊళ్ళో పండగలకీ మానారు, అవి లెవెల్ ఆపేసినా ఆగేవి కావు.

ఇప్పుడు వేగం సంగతి. ఇది నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నా.

అదే పుస్తకం ఒక సలహా ఇస్తుంది: మొదటి రోజు ఆట అయ్యేసరికి లెవెల్ 2, రెండో రోజుకి 3, నాలుగో రోజుకి 4, ఆ తర్వాత ఒక్కో లెవెల్‌కి రెండు మూడు రోజుల ఆట. ఎక్స్‌పీ పట్టిక కూడా అట్లాగే కట్టి ఉంది, మొదట్లో గబగబా, తర్వాత మెల్లగా. ఎందుకంటే లెవెల్ 1 పాత్ర గాజు గ్లాసు లాంటిది, ఎక్కువ రోజులు అక్కడే ఉంచితే పగులుతుంది. నేను 36 గోబ్లిన్లతో మూడు వారాలు అక్కడే ఉంచాను. ఆ తర్వాత తప్పు తెలిసి, జనవరిలో సంక్రాంతి సెలవులకి ఊరెళ్ళని నలుగురితో రోజూ ఆడించి గబగబా ఎక్కించాను. అది రెండో తప్పు.

ఇంగ్లీష్ మీడియంలో చదివినవాళ్ళకి ఇది తప్పని కూడా తోచదేమో. మాకు లెవెల్ పెరగడమంటే కొత్త శక్తి రావడం ఒక్కటే కాదు, ఒక కొత్త ఇంగ్లీష్ పేరా చదవడం. మాంత్రికుడికైతే ప్రతి లెవెల్‌కి రెండు కొత్త మంత్రాలు, ఒక్కోదానికి సగం పేజీ. ఎంత దూరం, ఎంతసేపు, ఎవరి మీద, తప్పించుకోవాలంటే ఏ పాచిక. డిక్షనరీ పెట్టుకుని చదివి, తెలుగులో రాసుకుని, ఒకటి రెండుసార్లు వాడి చూస్తేగానీ చేతికి రాదు. నేను సెలవుల్లో గబగబా ఎక్కించేసరికి మా పూజారి దగ్గర ఆమె ఒక్కసారి కూడా వాడని మంత్రాలు తొమ్మిదో పదో ఉన్నాయి. వాడకపోవడానికి కారణం తెలివి లేక కాదు, చదివే టైం లేక. మా పాటగాడు మాత్రం అన్నీ చదివేశాడు, వాడు చిన్నప్పటి నుంచి ఇంగ్లీష్ మీడియం. అంటే వేగంగా పెంచితే లాభం ఎవరికి పోయింది? ముందే ముందున్నవాడికే. బోనస్ 50 పోయిన చోటికే ఇదీ పోయింది.

అందుకని నేను అనేది: లెవెల్ 4 దాకా తొందరగా తీసుకుపోండి, ఆ తర్వాత బ్రేకు వెయ్యండి. ఒక్కో లెవెల్‌లో కనీసం మూడు ఆదివారాలు ఉండనివ్వండి. వచ్చిన శక్తిని ఒక్కసారైనా వాడి, "ఓహో ఇది ఇందుకు పనికొస్తదా" అనుకున్నాకే కొత్తది ఇవ్వండి. మా మాంత్రికుడికి ఇది నచ్చదు, వాడికి రోజుకో మంత్రం కావాలి. వాడి గొడవ వాడిదే.

మరి ఎక్స్‌పీ తీసేసి, మాస్టరు తనకి తోచినప్పుడు "ఇవాళ లెవెల్ పెరిగింది" అంటే సరిపోదా? చాలామంది ఇదే చేస్తారు, దీన్ని మైల్‌స్టోన్ అంటారు. తేలిక, లెక్కల గోల లేదు. మేం కూడా జులైలో రెండు వారాలు అదే చేశాం. నాకు నచ్చలేదు. ఎందుకంటే ఆటగాళ్ళు నా మొహం చూడటం మొదలుపెట్టారు. "అన్నా ఇవాళ ఇస్తావా?" "ఇంకేం చెయ్యాలి?" అని. ఎప్పుడు ఇస్తానో నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఇంటర్నల్ మార్కులు ఎవరి చేతిలో ఉన్నాయో వాళ్ళ చుట్టూ తిరిగే బతుకు మనకి తెలుసు, చెట్టు కింద కూడా అదే ఎందుకు? ఇచ్చేది సమానంగానే ఇచ్చినా, లెక్క కనపడకపోతే అది దయలాగే ఉంటుంది. పైగా అంకె పెరగడం చూసే సరదా పోయింది. ఫైటర్ అన్న, "గోబ్లిన్లే నయం, కనీసం ఎన్ని మిగిలాయో తెలిసేది" అన్నాడు.

ఇప్పుడు మేం చేసేది ఇది. నోట్‌బుక్ బల్ల మధ్యలో, అందరికీ కనపడేటట్టు. ఆట అయ్యాక మూడు ప్రశ్నలు అడుగుతాం. ఇవాళ ఈ లోకం గురించి మనకి కొత్తగా ఏమైనా తెలిసిందా? పెద్ద ఇబ్బందిని ఏదైనా దాటామా? ఎవరికైనా ఇచ్చిన మాట నిలబెట్టుకున్నామా? మొదటి రెండూ డంజన్ వరల్డ్ ఆట చివర్లో అడిగే ప్రశ్నలని చూసి మార్చుకున్నవి, మూడోది మా పూజారి పెట్టింది. ఔను అన్నదానికల్లా ఒక గీత. ఆ గీత గుంపుది. ఇబ్బందిని చంపి దాటినా, మాట్లాడి దాటినా, చుట్టూ తిరిగి తప్పించుకున్నా గీత ఒకటే. లెవెల్ 2కి 2 గీతలు, 3కి 3, 4కి 5, ఆ పైన ప్రతిదానికీ 8. ఔనా కాదా అనేది నేను ఒక్కణ్ణే చెప్పను, ఓటు పెడతాం. పోయిన నెల ఓటులో నేనే ఓడిపోయాను. చెరువు గట్టు తెగడాన్ని నేను చిన్న ఇబ్బంది అన్నాను, వాళ్ళందరూ పెద్దదే అన్నారు. వాళ్ళ ఊళ్ళలో గట్టు తెగితే ఏమవుతుందో వాళ్ళకి తెలుసు.

ఆట మారింది. ఇప్పుడు కనపడ్డ ప్రతిదాన్నీ కొట్టరు. రెండు వారాల కింద ఓగర్‌తో మాట్లాడి, వాడి పంటి నొప్పికి మందు పెట్టి, దారి అడిగి వెళ్ళిపోయారు. పుస్తకం లెక్కన ఓగర్ 450 ఎక్స్‌పీ, పాత రోజుల్లో అయితే వాణ్ణి నిద్రలోనే చంపేవాళ్ళు. ఆ మందు ఆకు ఏదో చెప్పింది ఎవరనుకున్నారు, మా దొంగే.

ఔను, బావ వచ్చాడు. జులైలో నేనే వాడి రూముకి పోయి, కొత్త రూల్ చెప్పి, లెవెల్ 5 రాసిన కాగితం చేతిలో పెట్టాను. "నేను సంపాదించలేదు కదా బావా" అన్నాడు. ఎవరూ సంపాదించలేదు, అందరిదీ ఒకటే నోట్‌బుక్ ఇప్పుడు అని చెప్పాను. పూర్తిగా నమ్మినట్టు లేడు. మొదటి రెండు వారాలు ఎక్కువ మాట్లాడలేదు కూడా. నేను ఇప్పుడు ఒక పని చేస్తున్నా: బావ ఆగినప్పుడు పాటగాడి వైపు చెయ్యి చూపించి ఆపుతున్నా. ఎక్స్‌పీ రూల్ ఎంత మార్చినా ఈ చెయ్యి చూపించకపోతే సగమే పని అవుతుంది, ఫోన్ చేసిన తమ్ముడికి ఇది చెప్పడం మర్చిపోయాను, ఇక్కడ చదువుకో.

తేలనిది ఒకటుంది. మేం ఇప్పుడు లెవెల్ 6. లెవెల్ 10 దాటాక మా ఎనిమిది గీతల లెక్క పనిచేస్తుందా లేదా అనేది చూడాలి. ఐదో ఎడిషన్ పట్టికలో కూడా అక్కడ ఒక వింత ఉంది: 10 నుంచి 11కి 21,000 కావాలి, 11 నుంచి 12కి 15,000 చాలు. పైకి పోయేకొద్దీ కష్టం కావాలి గానీ అక్కడ తేలికవుతుంది. ఎందుకట్లా పెట్టారో మా మాంత్రికుడు ఒక సిద్ధాంతం చెప్తున్నాడు, నాకు నమ్మకం లేదు. ఎవరైనా అంతదాకా ఆడించి ఉంటే చెప్పండి.

బావ ఫిబ్రవరిలో మళ్ళీ మిర్చికి పోతానని ముందే చెప్పాడు. వాడి కాగితం నా ట్రంకు పెట్టెలో ఉంటుంది.